సదరు స్త్రీ ఇచ్చట నివసించుట లేదు

పోయిన మంగళవారం మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ ఉండగా ఫోను ఒకసారి మోగి ఊరుకుంది. కళ్ళజోడు వెతుక్కుని చూస్తే, నా కొత్త పాస్‌పోర్టు వివరాలు ఈ దేశంలో ఉండడానికి నాకిచ్చిన పాత కార్డుకు జతపరిచామనీ, నేనిక చేయవలసిందేమీ లేదనీ సందేశం. భూపాలపల్లి బస్టాండు పక్కన నెట్ సెంటర్లో ఒక అమ్మాయి నన్ను తెల్లగోడ ముందు నిలబెట్టి ఫోటో తీసి, నాలుగు మీటలు నొక్కి, అయిపోయింది వెళ్ళండి ఆంటీ అని పంపేసి సరిగ్గా నాలుగు రోజులు, అందులోనూ ఒకటి ఆదివారం. ఎవరూ తలుపు తట్టలేదు, ఎవరూ వచ్చి నా గురించి ఎవరినీ ఏమీ అడగలేదు. సంతోషించాల్సింది పోయి, కిటికీ దగ్గర కుర్చీలో చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. గుడ్డసంచిలో అట్ట ఫైలు పెట్టుకుని కచేరీల వరండాల్లో చెక్క బల్లల మీద బతుకులో కొంత భాగం గడిపిన నా ఈడువాళ్ళకు ఎందుకో చెప్పనక్కర్లేదు గానీ, చెప్పుకోవడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు కనుక మీకే చెబుతున్నాను.

నేను పుట్టింది మలేషియాలో, ఒక రబ్బరు తోటలో. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వెళ్ళి మళ్ళీ తిరిగి చూడనివాడు. తోటలో కూలీల పిల్లల కోసం ఒక రేకుల బడి, అందులో బెత్తంతో తెలుగు నేర్పిన పంతులుగారు ఉండేవారు కనుక, ముత్తాత వదిలిన భాష నాకు చేతిరాతతో సహా దక్కింది. పెద్దయ్యాక ఆ తోట ఆఫీసులోనే ఇరవై ఏళ్ళు గుమస్తా పని చేశాను. అమ్మ పోయి, నలభై దాటి, పెళ్ళి ఊసు మా బంధువులూ నేనూ కూడా మర్చిపోయిన వయసులో మావారు తారసపడ్డారు. ఆయనది జఫర్‌గఢ్ దగ్గరి పల్లె, లారీ మెకానిక్కుగా పర్మిట్ మీద అక్కడికి వచ్చారు. అలా కూలి పర్మిట్ మీద వచ్చినవాళ్ళు అక్కడి ఆడవాళ్ళను పెళ్ళాడకూడదని ఆ దేశపు నిబంధన. ఆయనకు అక్కడ వీలు లేదు కనుక నేనే ఇక్కడికి వచ్చాను. జనగామలో రిజిస్టరు ఆఫీసులో, మావారి అక్కగారు సాక్షి సంతకం చేయగా, రెండు పూలదండలతో మా పెళ్ళయింది.

ఇల్లలకగానే పండగ కాదంటారు. భారతీయుడి భార్యగా నాకిచ్చిన వీసా ఒక్క ఏడాదికి. ఏడాది నిండేలోగా, నేనింకా ఆయన భార్యనేననీ, ఆయనతోనే కాపురం చేస్తున్నాననీ రుజువు చూపించి మరో ఏడాది పొడిగించుకోవాలి. పాస్‌పోర్టు నకళ్ళు, పెళ్ళి సర్టిఫికెట్టు నకలు, నా పోషణ బాధ్యత తనదేనని మావారు రాసిచ్చే పత్రం, గ్యాసు బుక్కు, ఒకే రకం ఫోటోలు అరడజను, వీటన్నిటి మీదా ఆకుపచ్చ సిరాతో ఎవరో ఒక అధికారి సంతకం. ఇవన్నీ తిరిగి తిరిగి మనం పోగుచేసుకోవచ్చు. చివర ఒకటి మాత్రం మన చేతిలో లేదు. దగ్గరి ఠాణా నుంచి కానిస్టేబులు వచ్చి, ఇరుగుపొరుగును అడిగి, ఈమె ఇక్కడే ఉంటోందని వాళ్ళ చేత చెప్పించుకుని రాసి పంపాలి. మొదటి రెండేళ్ళూ జనగామలో వదినగారింట్లోనే ఉన్నాం కనుక, ఆవిడ కానిస్టేబుల్ని మంచం వేసి కూర్చోబెట్టి, చాయ్ పోసి, అడిగినవాటికీ అడగనివాటికీ జవాబు చెప్పి పంపేది. ఆ విచారణ ఎంత పెద్ద గండమో నాకు అప్పట్లో తెలియనే తెలియదు.

మూడో ఏడు మావారు ఒక స్నేహితుడితో కలిసి మహబూబాబాద్‌లో గ్యారేజీ పెట్టారు. రైలు పట్టాల అవతల ఒక గల్లీలో, ఒక అవ్వ ఇంట్లో రెండు గదుల భాగం తీసుకున్నాం. గ్యారేజీ మూడు నెలలకే మూతపడితే ఆయన భూపాలపల్లి వెళ్ళి బొగ్గు లారీలు బాగుచేసే పనిలో చేరి, శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవారు. మిగతా అయిదు రోజులు నేనూ, నా రెండు గదులూ. ఒంటరితనం నాకు కొత్త కాదు, తోటలోనూ ఒంటరిదాన్నే. కానీ అక్కడ నోరు తెరిస్తే ఎవరూ తలతిప్పి చూసేవారు కాదు. ఇక్కడ కూరగాయల బండి దగ్గర వంకాయలు ఎంతండీ అన్నానంటే చాలు, చుట్టూ నలుగురు ఒక్క క్షణం ఆగి చూసేవారు. రాష్ట్రం కోసం ఊరంతా అట్టుడుకుతున్న రోజులవి. సినిమాల్లో తమ మాటను రౌడీలకూ వెకిలివాళ్ళకూ పెట్టి నవ్వించిన భాష ఏదో, సరిగ్గా ఆ భాషే నా నోట్లో ఉంది. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు, ఆ మాట నిజాయితీగా చెప్పాలి. కానీ ఆ క్షణం పాటు ఆగడం ఉందే, దాని కోసం ఎదురుచూసి ఎదురుచూసి నేను వేలితో చూపించి కొనుక్కోవడం నేర్చుకున్నాను. కొన్ని రోజులు నా గొంతు నేను వినకుండానే గడిచిపోయేవి.

మా అవ్వ నన్ను రోజూ పొద్దున ఒకే ప్రశ్న అడిగేది, తిన్నవా బిడ్డా అని. తిన్నానవ్వా అనేదాన్ని. మా సంభాషణ సాధారణంగా అంతే. ఒకసారి మాత్రం మాది మలేషియా అని చెప్పాను. ఆవిడ లెక్కలో మలేషియా అంటే దుబాయి లాంటిది, మగవాళ్ళు పనికి పోయి పైసలు తెచ్చే చోటు. నేను కోస్తా దాన్నే అయివుంటాననీ, అక్కడ పనికి పోయి ఈయన కంట పడ్డాననీ ఆవిడ తీర్మానం. అక్కడే పుట్టానని నేను మొండిగా అంటే, "మలేషియాల ఎవలు పుడ్తరు బిడ్డా, అందరు పనికి పోయెటోళ్ళేనాయె" అని నా అజ్ఞానానికి జాలిపడింది. నేనూ ఊరుకున్నాను. నిజానికి నాకు కాస్త అహంకారం ఉండేది. ఏడాదికోసారి గడువు తీరే మనిషినని, పక్కింటివాళ్ళ దయ మీద నా కాపురం ఆధారపడి ఉందని నోరు విడిచి చెప్పుకోవడం నామోషీ అనిపించింది. ఆ ఒక్క సంగతీ చెప్పి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఆ ఏడే సకల జనుల సమ్మె వచ్చింది. నా వీసా గడువు దీపావళికి కొద్ది రోజుల ముందు తీరుతుంది. బస్సులు లేవు, కచేరీలకు తాళాలు, రైళ్ళు ఎప్పుడు నడుస్తాయో ఎప్పుడు పట్టాల మీద జనం కూర్చుంటారో తెలియదు, కరెంటు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో ఆ దేవుడికి తెలియాలి. విదేశీయుల కాగితాలు చూసే జిల్లా పోలీసు ఆఫీసు మాత్రం పనిచేస్తోంది, ఎందుకంటే పోలీసులకు సమ్మె లేదు. ఆ ఆఫీసు అడిగే కాగితాలు ఇచ్చే ఆఫీసులు మాత్రం అన్నీ మూతపడ్డాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ నెలలో తెలిసింది.

పెళ్ళి సర్టిఫికెట్టు తాజా నకలు కోసం, దొరికిన రైలెక్కి ఒక్కదాన్నే జనగామ వెళ్ళాను. రైల్లో ఎవరైనా మాట కలుపుతారేమోనని దారంతా నిద్ర నటించాను. ఆఫీసు గేటుకు తాళం, గేటు ముందు టెంటు, టెంటు ముందు రోడ్డు మీదే రాళ్ళ పొయ్యిలు పెట్టి వంటావార్పు. మా పెళ్ళి రాసుకున్న గుమస్తాగారే గరిటెతో పప్పు కలుపుతున్నారు. నేను దగ్గరకు వెళ్ళి, ఏమండీ, నా కాగితం అని మొదలుపెట్టగానే పొయ్యిల దగ్గర మాటలు ఆగిపోయాయి. ఆయన మాత్రం నా చేతిలోని ఫైలు వైపు చూసి, విస్తరి అందించి, "కుర్చీల కూసుంటె కాగితమిస్త అక్కా. రోడ్డు మీద కూసున్నోడు బువ్వనే పెట్టగల్గుతడు, తిని పో" అన్నారు. నిలబడి తిన్నాను. పప్పు బాగుంది. కాగితం లేకుండా తిరిగి వచ్చాను.

చివరికి పాత నకలుతోనే సరిపెట్టి, అసలు సర్టిఫికెట్టు చూపించి, జిల్లా ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాను. అక్కడి గుమస్తా మంచివాడే. మిగతావి చూసుకుంటాను గానీ ఠాణా రిపోర్టు సరిగా రాకపోతే నేనేమీ చేయలేనమ్మా, ఇల్లు వదిలి పోవద్దు అన్నాడు. తొమ్మిది రోజులు గుమ్మం దాటలేదు. పదో రోజు పిండి నిండుకుంది. కరెంటు వచ్చిందని ఎవరో కేకేస్తే, జొన్నల డబ్బా చంకన పెట్టుకుని పిండి గిర్నికి పరుగెత్తాను. నాలాంటివాళ్ళు అక్కడ యాభై మంది ఉన్నారు. నా వంతు రాబోతుండగా కరెంటు పోయింది, మళ్ళీ వచ్చేదాకా డబ్బా మీద కూర్చుని ఉండిపోయాను. ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం తిరిగింది. అవ్వ అరుగు మీద నుంచి లేచి, నా చేతిలో డబ్బా అందుకుని, "రెండు పొద్దులు బయటికి పోకు బిడ్డా" అంది. బంద్ ఏదో ఉందనుకున్నాను. ఎదురింటి టైలరు భాయ్ ఎప్పుడూ లేనిది మిషను ఆపి నన్ను చూసి, వెంటనే తల తిప్పేసుకున్నాడు.

మర్నాడు సద్దుల బతుకమ్మ. తంగేడు, గునుగు పూలు వరసలు పేర్చడం ఆ ఏడే అవ్వను చూసి నేర్చుకుని, వంకరో టింకరో జీవితంలో మొదటి బతుకమ్మను పేర్చుకున్నాను. పట్టుచీర కట్టుకుని బయటికి రాగానే అవ్వ గుమ్మంలోనే ఆపేసింది. "నువ్వు రాకు. నీ బతుకమ్మ నేనెత్తుకపోత" అని, తనది నెత్తిన పెట్టుకుని, నాది చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. గల్లీ ఆడవాళ్ళందరూ గుంపుగా సాగిపోయారు, ఒక్కరూ వెనక్కి చూడలేదు. పాట దూరమై, చప్పట్ల చప్పుడు కూడా వినిపించకుండా పోయేదాకా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. మాట వేరైన దాన్ని పండుగలో కలుపుకోవడం ఇష్టం లేక చల్లగా తప్పించారని అనుకున్నాను. నలభై ఏడేళ్ళ మనిషిని, పట్టుచీర మడత పెడుతూ చిన్నపిల్లలా ఏడ్చాను.

దసరా వెళ్ళిన నాలుగో రోజున జిల్లా ఆఫీసు నుంచి ఫోను. పరుగున వెళితే, గుమస్తా రిపోర్టు నా ముందుకు తిప్పాడు. ముగ్గురు ఇరుగుపొరుగు వారిని ఫోటో చూపి విచారించగా సదరు స్త్రీ ఇచ్చట నివసించుట లేదనియు, అట్టి పేరు గల వారిని తామెన్నడును చూచి యుండలేదనియు తెలిపినారు. కింద అవ్వ పేరు, టైలరు పేరు, పాలు పోసే తండా ఆమె పేరు. గడువులోగా దేశం విడిచి వెళ్ళమ్మా, మళ్ళీ కొత్త వీసాకు అక్కడి నుంచి పెట్టుకో, నెలలు పట్టొచ్చు, ఇవ్వకపోవచ్చు కూడా అన్నాడు గుమస్తా. నా పాస్‌పోర్టులో అబద్ధపు కాపురం అని రాసినట్టే లెక్క. మలేషియాలో నాకు ఇల్లు లేదు, ఉద్యోగం లేదు, అమ్మ లేదు. అదంతా కూడా ఫరవాలేదు. ముగ్గురూ నా మొహం ఫోటోలో చూసి, ఎన్నడూ చూడలేదన్నారు. రైల్లో తిరిగి వస్తూ ఆ ఒక్క మాటే నములుకున్నాను.

ఇంటికి వచ్చి పెట్టె సర్దాను. అవ్వ తిన్నవా అని అడిగితే జవాబివ్వలేదు. విషయం విని మావారు దొరికిన బొగ్గు లారీ పట్టుకుని మర్నాటికి వచ్చారు. ఆయన కోపిష్టి. నేరుగా అరుగు దగ్గరకు వెళ్ళి, ఎందుకు చెప్పినవవ్వా గట్ల, నా పెండ్లాం నీకేం చేసిందని నిలదీశారు. నేను తలుపు వెనక నిలబడ్డాను. అవ్వ ఆయనను ఎగాదిగా చూసి, ఏదో తెలివితక్కువ ప్రశ్న విన్నట్టు అంది.

"పోలీసోళ్ళు ఫోటువ పట్టుకొని అడిగితె ఉన్నదని చూపిస్తమా కొడుకా?"

అంతకు నెల ముందు అవ్వే నన్ను ఒక రోజు మహిళల రిలే దీక్ష టెంటుకు తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. అక్కడ నోటుబుక్కులో పేర్లు రాయమంటే, అందరూ ఒక పేరు గిలికితే, నేను నా గుమస్తా బుద్ధి కొద్దీ ఇంటిపేరూ తండ్రిపేరూ సహా పాస్‌పోర్టులో ఉన్నట్టే ముత్యాల్లా రాశాను. ఆ తర్వాత ఊళ్ళో దీక్షల్లో కూర్చున్నవాళ్ళను ఒక్కొక్కరినే ఠాణాకు పిలుస్తున్నారు. నేను గిర్ని దగ్గర ఉన్న పూట అదే పేరు, అదే వరసలో, ఫోటోతో సహా పోలీసు చేతిలో కనిపించేసరికి నన్ను పట్టుకుపోవడానికే వచ్చారని ముగ్గురికీ ఖాయమైపోయింది. కానిస్టేబుల్ని అనడానికి ఏమీ లేదు, ఆయన అడిగాడు, విన్నాడు, రాసుకున్నాడు. టైలరు భాయ్ అయితే, ఈ గల్లీలోనే కాదు ఆ పక్క గల్లీలో కూడా అలాంటి మనిషి లేదని ఒట్టు పెట్టానని మావారి దగ్గర గొప్పగా చెప్పుకున్నాడు. బతుకమ్మ రోజున పెద్దరోడ్డు మీద పోలీసు వ్యాన్లు ఉన్నాయట, అందుకే నన్ను రానివ్వలేదు. అసలు సంగతి నాకు చెబితే భయపడి ఊరు విడిచి పోతానని ముగ్గురూ ఒక మాట అనుకున్నారట.

మావారి కోపం జారిపోయింది గానీ, గడువు మిగిలింది ఆరు రోజులు. రిపోర్టు తిరిగి రాయాలంటే, తాను చెప్పింది అబద్ధమని ఎవరో ఒకరు ఠాణాకు వెళ్ళి చెప్పాలి. ఆ మాట వినగానే అవ్వ మొహంలో నెత్తురు లేదు. ఎటో చూస్తూ తన మరిది సంగతి చెప్పింది. అవ్వ కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, దొరలకు ఎదురుతిరిగిన సంఘంలో తిరిగే మరిది కోసం పోలీసులు వచ్చి మర్యాదగా అడిగితే, ఇంట్లనే పండుకున్నడు సారూ అని ఉన్నమాట చెప్పిందట. ఏడాదిన్నర తర్వాత కుంటుకుంటూ తిరిగి వచ్చిన ఆ మరిది, చచ్చిపోయేదాకా ఆవిడ చేతి నీళ్ళు ముట్టలేదట. అప్పటి నుంచి అవ్వ ఠాణా ఉన్న వీధిలో నడవనైనా నడవదు.

మర్నాడు పొద్దున్నే పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుని అవ్వ ఆటోలో నా పక్కన కూర్చుంది. దారి పొడుగునా నా కొంగు వదల్లేదు. ఠాణాలో ఎస్సై మండిపడ్డాడు. పోలీసుకు తప్పుడు సమాచారం ఇచ్చినందుకు కేసు పెట్టొచ్చు తెలుసా ముసల్దానా అని బల్ల చరిచాడు. అవ్వ నా కొంగు వదలకుండానే, "నా మీద ఏం రాసుకుంటవో రాసుకో సారు, గామెనైతె ఉండనియ్యి" అంది. ఆయన కాస్త తగ్గి, సరే, ఈమె నిజంగా నీ ఇంట్లోనే ఉంటుందని నమ్మకమేమిటి, ఏం తెలుసు ఈమె గురించి అని అడిగాడు.

అవ్వకు చాలానే తెలుసు. నేను పొద్దున్నే చాయ్ కాకుండా వేడినీళ్ళు తాగుతానని తెలుసు, పులుపు తినలేనని తెలుసు, శనివారం లారీ హారను వినగానే అద్దంలో చూసుకుని వస్తానని తెలుసు, వానొస్తే మా దేశంల గిట్లనే కొడ్తదని నాలో నేను గొణుక్కుంటానని తెలుసు. రాసే కానిస్టేబులు కలం ఆపి వింటున్నాడు. చివరికి అవ్వ గొంతు తగ్గించి, నేను పక్కనే ఉన్నానన్న సంగతి మర్చిపోయినట్టుగా చెప్పింది.

"పొద్దుగూకితె పొయ్యికాడ కూసోని ఏడ్తది సారు. పొగకు కండ్లు మండినయంటది. గ్యాసు పొయ్యికి పొగెక్కడిది. గోడ ఒక్కటే గద, నాకు ఇనబడ్తది. పోయి ఏమన్న అడుగుదునా అంటె, గామె మాట నాకు మంచిగ రాదు, నా మాట గామెకు రాదు. గందుకే తిన్నవా అని అడిగి ఊకుంట."

ఠాణాలో నేను తల ఎత్తలేకపోయాను. ఇన్నాళ్ళూ నా మాటకు వాళ్ళు వెనకాడుతున్నారని అనుకున్నాను. తన మాట ఎక్కడ నాకు వెగటవుతుందోనని ఆవిడ వెనకాడిన సంగతి నాకు తోచనే లేదు. గోడకు అటు ఒకరు, ఇటు ఒకరు కూర్చుని ఒకరి చప్పుడు ఒకరు వింటూ ఎన్ని సాయంత్రాలు వృథా చేశామో ఇప్పటికీ లెక్క తేలదు. అవ్వ వేలిముద్ర వేసింది. రిపోర్టు మారింది. గడువు ఇంకా ఒక్కరోజు ఉందనగా నా పాస్‌పోర్టులో మరో ఏడాదికి ముద్ర పడింది.

ఆ గల్లీలో మరో అయిదేళ్ళు ఉన్నాం. ఆ తర్వాత ప్రతి ఏడూ విచారణకు కానిస్టేబులు వస్తే అవ్వే కుర్చీ వేయించి, ఉన్నది సారూ, గీ బిడ్డ నా ఇంట్లనే ఉన్నది అని వీధి మొగదాకా వినబడేలా చెప్పేది. రాష్ట్రం వచ్చింది. అప్పటిదాకా ఒకే జిల్లాలో ఉన్న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దేనికది జిల్లా అయ్యాయి. మావారు భూపాలపల్లిలో సొంత షెడ్డు వేసుకోవడంతో ఇక్కడికి వచ్చేశాం. ఏటేటా విచారణ అక్కర్లేని శాశ్వత కార్డు కూడా ఇక్కడికి వచ్చాకే నాకు దక్కింది. మేం వచ్చిన రెండో ఏట అవ్వ పోయింది. నాలుగేళ్ళ క్రితం మావారూ పోయారు.

ఇప్పుడు నేనుంటున్న కాలనీ మంచిదే. గనుల పనికి నాలుగు దిక్కుల నుంచి వచ్చినవాళ్ళు, అన్నీ మూసిన తలుపులే. నా మాటలో అండీ తగ్గి గిట్ల, గట్ల కలిసిపోయి ఎటూ కాని భాషగా మారింది. కూరగాయల బండి దగ్గర దాన్ని విని తల తిప్పి చూసేవాళ్ళు లేరు. ఒకప్పుడు రైళ్ళెక్కి తిరిగి చేయించుకున్న పని కూర్చున్న చోటే అవుతోంది, నాకు మోకాళ్ళ నొప్పులు కనుక అదీ మేలే. కానీ సాయంత్రం పూట పొయ్యి దగ్గర ఒక్కోసారి చెయ్యి ఆగిపోతుంది, గోడ అవతల ఎవరున్నారో నాకు తెలియదు, ఇటువైపు నేనున్నానని వాళ్ళకు తెలుసో లేదో. ఇప్పుడెవరైనా నా ఫోటో పట్టుకుని వచ్చి, ఈమె ఇక్కడే ఉంటుందా అని ఈ వరసలో అడిగితే, మాకు తెలియదనే చెబుతారు. అది అబద్ధం కాదు.